హెచ్చరిక పెద్ద అక్షరాల్లో రాస్తే సరిపోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైద్య పరికరాల గురించే: వాటి బటన్లు, తెరలు, లేబుళ్లు, వాడుక సూచనల కరపత్రాలు. రాసినవాళ్లంతా బెంగళూరు తెలుగువాళ్లు. కొందరు ఆ పరికరాలు తయారుచేస్తారు, కొందరు సూచనలు అనువదిస్తారు, ఒకరు ఇంట్లో వాడుతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగైంది. మిగతా జవాబులన్నిటికీ పునాది అక్కడే ఉంది కాబట్టి కత్తిరించలేదు.

ప్రశ్న: మేం పీణ్యాలో ఒక చిన్న కంపెనీలో ఇన్ఫ్యూజన్ పంపు (నరంలోకి గంటకు ఇంత అని మందు ఎక్కించే యంత్రం) తయారుచేస్తున్నాం. రోగి లేకుండా ఉత్త నీళ్లతో పరీక్ష పెడితే ఇద్దరు నర్సులు గంటకు 5.5 మి.లీ. పెట్టబోయి 55 పెట్టారు. మాన్యువల్‌లో ఎర్ర గడి కట్టి హెచ్చరిక రాశాం, పంపు మీద స్టిక్కరు కూడా అంటించాం. దీన్ని 'యూజర్ తప్పు' అని రాసి రిస్కు ఫైలు మూసేద్దామని మా మేనేజరు అంటున్నారు. మూసేయొచ్చా?

మూయకండి. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేశారంటే ఆ తప్పుకు మీ కీప్యాడ్ దారి చూపిస్తోందని అర్థం. మూడో నర్సు కూడా అదే దారిలో వెళ్తుంది. అప్పుడు గొట్టం చివర రోగి ఉంటాడు.

వైద్య పరికరాల రిస్కు నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14971 ప్రమాదాన్ని తగ్గించడానికి మూడు మెట్లు పెట్టింది, వరుస కూడా అదే చెప్పింది. మొదట పరికరాన్నే తప్పు జరగకుండా రూపొందించాలి. అది కుదరని చోట పరికరంలో రక్షణ పెట్టాలి. ఆ రెండూ చేశాక మిగిలిన దానికి హెచ్చరిక, శిక్షణ. మీరు నేరుగా మూడో మెట్టు ఎక్కేశారు. ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న 'పై రెండూ ఎందుకు కుదరలేదు?' అనే. దానికి మీ ఫైల్లో జవాబు లేదు.

మాట వాడకంలోనూ జాగ్రత్త కావాలి. పరికరాలు వాడుకకు వీలుగా ఉండాలని చెప్పే ప్రమాణం ఐఈసీ 62366-1 (2015లో వచ్చింది, 2020లో సవరించారు) 'యూజర్ ఎర్రర్' అనదు, 'యూజ్ ఎర్రర్' అంటుంది. వాడే మనిషి చేసిన పని వల్ల గానీ, చేయని పని వల్ల గానీ తయారీదారు అనుకున్నది, లేదా ఆ మనిషి ఆశించినది కాకుండా వేరే ఫలితం రావడమే యూజ్ ఎర్రర్. నేరం ఎవరిదన్న ప్రస్తావన అందులో లేదు. తెలిసి తెలిసి కావాలని నియమం మీరితే అది వేరే లెక్క, దాన్ని అసాధారణ వాడకం అంటారు. మీ నర్సులు చేసింది అది కాదు.

ఇక తప్పును మూడు ముక్కలు చేసి చూడండి: కంటికి ఆనడం, బుర్రకు ఎక్కడం, చేతితో చేయడం. చుక్క బటన్ నొక్కినా మెంబ్రేన్ కీప్యాడ్ (చదునైన ప్లాస్టిక్ పొర కింద బటన్లుండేది) తీసుకోలేదా? అలాగైతే అది చేతి దగ్గర తప్పు. గ్లౌజు వేసుకున్న వేలికి చదునైన బటన్ నొక్కుకుందో లేదో తెలియదు, తడి గ్లౌజయితే మరీ తెలియదు. 'టక్'మని తెలిసే డోమ్ స్విచ్ పెట్టండి, చుక్క బటన్‌ను అంకెల వరసకు కాస్త ఎడంగా జరపండి. తెర మీద చుక్క కనిపించలేదా? అది కంటి తప్పు. చుక్క తర్వాతి అంకెను చిన్నగా, వేరే నేపథ్యం మీద చూపించండి. 0.5కి ముందు సున్నా ఎప్పుడూ ఉండాలి, 5కి వెనక చుక్క, సున్నా ఎప్పుడూ ఉండకూడదు. .5 అని రాస్తే 5గా, 5.0 అని రాస్తే 50గా చదివేస్తారు. 55 తెర మీద స్పష్టంగా కనిపించినా నర్సుకు ఎక్కువనిపించలేదా? అప్పుడది బుర్ర దగ్గర తప్పు. ఆ మందుకు ఎంత మామూలో పంపు చెప్పాలి.

అంకెల కీప్యాడే పెట్టాలా అన్నది ఒకసారి మళ్లీ ఆలోచించండి. కీప్యాడ్ వాడేటప్పుడు కన్ను వేళ్ల మీద ఉంటుంది, తెర మీద ఉండదు. పైకి, కిందికి బాణాల బటన్లయితే అంకె మారడం చూస్తూనే నొక్కాలి కాబట్టి తప్పు అక్కడికక్కడే కంట పడుతుంది. అంకెలు ఎక్కించే పద్ధతులను పోల్చి చేసిన పరిశోధనల్లో ఇదే తేలింది. నష్టం ఒకటుంది: 5 నుంచి 400కి వెళ్లాలంటే చాలాసేపు నొక్కాలి. మీ పంపు ఎక్కువగా తక్కువ వేగాలకే వాడేదైతే బాణాలు మేలని మా అభిప్రాయం.

రక్షణ మెట్టు దగ్గర పంపులో మందుల జాబితా, ఒక్కో మందు డోసుకు రెండు హద్దులు పెట్టండి. మెత్తని హద్దు దాటితే పంపు అడుగుతుంది, గట్టి హద్దు దాటనివ్వదు. మెత్తని హద్దును మరీ దగ్గరగా పెడితే మంచి డోసుకు కూడా అడుగుతుంది. రోజుకు ఇరవైసార్లు అడిగితే ఇరవై ఒకటోసారి ఎవరూ చదవరు, 'సరే' నొక్కేస్తారు. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ లోపాలున్నాయి, పాత మోడల్లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేశారు. వాటితోపాటు ఇంకోటి: తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని మాత్రమే వచ్చేది. దాని అర్థం ఆపరేటర్ల మాన్యువల్‌లో లేదు. అలాంటి సందేశాలు మాటిమాటికీ రావడం, ఒక్క 'పీ' మీట నొక్కితే చికిత్స కొనసాగడం వాళ్లకు అలవాటైపోయాయి. నొక్కారు.

అందుకే 'ఖచ్చితంగా కావాలా? అవును / కాదు' అనే తెర పెట్టకండి. ఫలితం చూపించండి. '55 మి.లీ./గంట. 50 మి.లీ. సిరంజి 55 నిమిషాల్లో ఖాళీ అవుతుంది' అని వస్తే, 9 గంటలు నడవాల్సిన సిరంజి గంటలోపే అయిపోతుందని నర్సు చెయ్యి ఆగుతుంది. ఈ ఒక్క మార్పు మీ ఎర్ర గడి కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇవన్నీ చేశాక స్టిక్కరు ఉంచుకోండి, తప్పులేదు. అయితే కొత్త కీప్యాడ్‌తో మళ్లీ పరీక్ష పెట్టాలి. ఒక తప్పును ఆపడానికి పెట్టిన రక్షణ ఇంకో తప్పుకు దారి తీయడం మామూలే.

ప్రశ్న: మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్లిలో మా ఇంట్లో ఉంటోంది. ఇన్సులిన్ సీసా అక్కడినుంచే తెచ్చుకుంది. సిరంజిలు అయిపోతే ఇక్కడి షాపులో కొన్నాను. అక్కడివాటికి ఎర్ర మూత, ఇక్కడ ఇచ్చినవాటికి నారింజ మూత. కంపెనీ తేడాయే కదా?

కాదండీ. ఆ సిరంజితో ఇవ్వడం వెంటనే ఆపండి. ఎర్ర మూత యూ-40 సిరంజిది, అంటే 1 మి.లీ.లో 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. నారింజ మూత యూ-100ది, 1 మి.లీ.లో 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. మన దేశంలో రెండూ అమ్ముతారు.

అమ్మగారి సీసా మీద '40 ఐయూ/మి.లీ.' (ఐయూ అంటే యూనిట్లే) అని ఉందనుకుందాం, డోసు 20 యూనిట్లు. నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. షుగరు తగ్గదు. తిరగేస్తే ఇంకా ప్రమాదం: యూ-100 ఇన్సులిన్‌ను ఎర్ర సిరంజిలో 20 గీత దాకా లాగితే 0.5 మి.లీ., అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. మనిషి స్పృహ తప్పే డోసు అది. కొన్ని రోజులుగా నారింజ సిరంజితోనే ఇస్తున్నట్టయితే షుగరు చూసి డాక్టరుగారికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. మీ అంతట మీరు డోసు పెంచకండి.

కొనేటప్పుడు సీసా మీది అంకె, సిరంజి గొట్టం మీది అంకె ఒకటేనా అని చూడండి. 'సీసా అంటే 40, ఇన్సులిన్ పెన్ను అంటే 100' అనే లెక్క నమ్మకండి. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి. పెన్ను కార్ట్రిడ్జిలోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి. తప్పు సిరంజే చేతికందితే ఇంట్లో లెక్కగట్టి సర్దుకోవద్దు, షాపుకెళ్లి సరైనది తెచ్చుకోండి.

పరికరాలు తయారుచేసే పాఠకులు ఇక్కడ ఒకటి గమనించాలి. రంగు ఉన్నది మూత మీద. సూది గుచ్చే క్షణానికి ఆ మూత మంచం మీదో చెత్తబుట్టలోనో ఉంటుంది. గుర్తు ఎప్పుడూ పని జరిగే చోట, పని జరిగేటప్పుడు కనిపించే భాగం మీద ఉండాలి. అంతకంటే మంచిది, తప్పు జతలు అసలు కలవకుండా చేయడం. ఐఎస్‌ఓ 80369 వరుస ప్రమాణాలు చేసేది అదే. ముక్కు గొట్టంలో ఆహారం ఎక్కించే కనెక్టరు ఒక కొలత, వెన్నులో మందు ఎక్కించేది ఇంకో కొలత, నరంలోకి వెళ్లే లూయర్ అనే కనెక్టరు మరో కొలత. నర్సు ఎంత అలసిపోయి ఉన్నా ఒకదానిలో ఒకటి బిగుసుకోదు.

ప్రశ్న: నేను జయనగర్‌లో అనువాదకురాలిని. ఇన్‌హేలర్లు, డ్రాప్స్, నెబ్యులైజర్ల కరపత్రాలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి చేస్తాను. భాషలో తప్పులు లేవంటారు, అయినా జనానికి అర్థం కావడంలేదని కంపెనీకి ఫిర్యాదులు వస్తున్నాయట. ఎక్కడ చూసుకోవాలి?

మీ ప్రశ్న మాకు చాలా ఇష్టమైన ప్రశ్న. తెలుగులో సూచన రాయడం అనే పనిని మనవాళ్లు ఇంకా అనువాదంగానే చూస్తున్నారు. అది డిజైన్ పని.

తెలుగు క్రియతోనే మొదలుపెడదాం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, 'వద్దు' అనే అర్థం ఆ క్రియ లోపల దాక్కుంటుంది. 'మింగండి', 'మింగకండి' మధ్య తేడా ఒక్క 'క'. 'మరిగించండి', 'మరిగించకండి' అంతే. ఇంగ్లిష్‌లో వద్దనే మాట ముందే వస్తుంది. తెలుగులో రెండు వరసల వాక్యం చివరిదాకా చదివితే గానీ చేయాలో వద్దో తెలియదు. చిన్న అక్షరాల్లో, కళ్లజోడు లేకుండా చదివే పెద్దాయనకు ఆ 'క' కనిపించదు. అందుకని నిషేధాలు ఎప్పుడూ చిన్న వాక్యంలో, విడిగా, 'వద్దు' అనే మాటతోనో అడ్డగీత కొట్టిన బొమ్మతోనో మొదలుకావాలి. 'వద్దు: క్యాప్సూల్ మింగడం.' వ్యాకరణం మాస్టారికి నచ్చకపోవచ్చు, కానీ పని జరుగుతుంది.

క్యాప్సూల్ మాట వచ్చింది కాబట్టి, పొడి పీల్చే ఇన్‌హేలర్ క్యాప్సూళ్లను మింగేయడం మన దగ్గర డాక్టర్లందరూ ఎరిగిన తప్పు. కరపత్రాల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: 'ఈ క్యాప్సూల్ పీల్చుట కొరకు మాత్రమే ఉద్దేశించబడినది, మౌఖికముగా సేవించరాదు.' ఇందులో ఒక్క మాటా ఇంట్లో మాట్లాడేది కాదు. ఇలా రాయండి:

వద్దు: క్యాప్సూల్ మింగడం.
1. క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టండి.
2. వద్దు: పరికరంలోకి ఊదడం. నోటితో గాలి పూర్తిగా బయటికి వదలండి.
3. పరికరం మూతిని పెదాలతో గట్టిగా మూసి, నోటితో బలంగా లోపలికి పీల్చండి.
4. పరికరం నోట్లోంచి తీసి, 10 అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి. అంతసేపు కాకపోతే ఆపగలిగినంతసేపు ఆపండి.

ఒక అంకె కింద ఒక్క పని, లేదా విడదీయలేని రెండు పనులు. ఏ మెట్టుకు సంబంధించిన జాగ్రత్త ఆ మెట్టులోనే, వీలైతే పని కంటే ముందు. పరికరాన్ని బట్టి క్యాప్సూల్ తెరిచే తీరు మారుతుంది, అది తయారీదారు బొమ్మతో చూపించాలి.

అయినా అది మాటలతోనే తీరే సమస్య కాదు. క్యాప్సూల్‌లాగే ఉంటుంది, స్ట్రిప్‌లోనే వస్తుంది, మాత్రలమ్మే షాపులోనే ఇస్తారు. చేతికి పుట్టినప్పటినుంచీ తెలిసింది నీళ్లతో మింగడమే. ఆ హెచ్చరిక డబ్బా వెనక కాకుండా వేలు తగిలే చోట, చింపే అంచు మీద ఉండాలి. కంపెనీకి ఈ మాట మీరే చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కడ తడబడతారో అక్కడ మొదట కనబడేది అనువాదకులకే.

మాటల ఎంపికలో కొన్ని ఉచ్చులున్నాయి. 'పూటకు ఒకటి' అని రాయకండి. కొన్ని ఇళ్లలో రోజుకు రెండు పూటలు, కొన్ని ఇళ్లలో మూడు. 'ఉదయం 1, రాత్రి 1' అని రాయండి. మాత్రను కోస్తాలో మాత్ర, బిళ్ళ అంటారు, తెలంగాణలో గోళీ అంటారు. అన్ని చోట్లా తెలిసేది టాబ్లెట్. 'ఖాళీ కడుపుతో' కంటే 'పరగడుపున' అందరికీ సొంత మాట, దాని పక్కన 'ఏమీ తినకముందు' అని కలిపితే నగరంలో పెరిగిన పిల్లలకూ అందుతుంది. అంకెలు 1, 2, 3 లే వాడండి. తెలుగు అంకెలు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ ఇప్పుడు చదివేవాళ్లు బాగా తక్కువ. డోసు దగ్గర అందం పనికిరాదు.

'చెంచా' అనే మాటను కొలతగా ఎప్పుడూ రాయకండి. జ్వరానికి పిల్లలకిచ్చే పారాసెటమాల్ చూడండి. డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120 గానీ, 250 గానీ. డాక్టరు 150 మి.గ్రా. రాస్తే డ్రాప్స్ 1.5 మి.లీ., 250 సిరప్ 3 మి.లీ., 120 సిరప్ 6 మి.లీ. కంటే కొంచెం ఎక్కువ. సిరప్‌కు అలవాటైన తల్లి డ్రాప్స్ సీసాలోంచి ఒక 5 మి.లీ. చెంచా పోస్తే బిడ్డకు 500 మి.గ్రా. వెళ్తుంది. అందుకే మి.లీ. గీతలున్న డ్రాపరో నోటి సిరంజో సీసాతోపాటే ఇవ్వాలి, కరపత్రంలో దాని బొమ్మ వేసి ఏ గీత దాకా నింపాలో చూపించాలి. అలాగే ఓఆర్‌ఎస్. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ 1 లీటరు నీళ్లకు. చాలామంది దాన్ని ఒక గ్లాసులో కలిపేస్తారు, అప్పుడు ఉప్పు మరీ ఎక్కువై బిడ్డకు కీడు చేస్తుంది. ఇంట్లో లీటరు కొలత ఉండదు, లీటరు వాటర్ బాటిల్ ఉంటుంది. '1 లీటరు వాటర్ బాటిల్ నిండా నీళ్లు, ప్యాకెట్ మొత్తం ఒకేసారి' అని రాయండి.

ఇక అచ్చు. ఇంగ్లిష్‌కు వేసిన గడిలో తెలుగు కుక్కితే ఒత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటాయి. ప, ష, ఫ ఒకటిగా కనిపిస్తాయి. సైజు పెంచలేకపోతే మాటలు తగ్గించండి, వరసల మధ్య చోటు మాత్రం తగ్గించకండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సెట్టింగు సరిగ్గా లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. మీరు పంపిన ఫైలు బాగానే ఉంటుంది, ప్రెస్సులో చెడుతుంది. కాబట్టి చివరి ప్రూఫ్ కాగితం మీదే చూస్తానని ఒప్పందంలో రాయించుకోండి.

సరిచూసుకోవడానికి తెలుగును మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. దానితో అర్థం తప్పిందా అన్నది తెలుస్తుంది, జనానికి అందిందా అన్నది తెలియదు. పైగా తిప్పేవాళ్లు తెలివైనవాళ్లయితే చెడ్డ తెలుగులోంచి కూడా మంచి ఇంగ్లిష్ తీస్తారు. అసలు పరీక్ష వేరు. 'అర్థమైందా అమ్మా?' అని అడగకండి, ఎవరైనా 'ఆఁ, అయింది' అంటారు. పరికరం, కరపత్రం చేతికిచ్చి 'చేసి చూపించండి' అనండి. ఐదారుగురు చేసేసరికి కరపత్రంలో ఎక్కడ దిద్దాలో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా పరికరాన్ని జనం సరిగ్గా వాడగలరా అని చూసే చివరి పరీక్షకు ఎంతమంది కావాలి? మా ఆఫీసు వాళ్లతో చేయించొచ్చా? (బొమ్మసంద్ర)

ఆఫీసు వాళ్లు వద్దు, వాళ్లకు పరికరం ముందే తెలుసు. మధ్యలో డిజైన్ దిద్దుకోవడానికి చేసే పరీక్షలకు, అంటే ఫార్మేటివ్‌కు, ఒక్కోసారి 5 నుంచి 8 మంది చాలు. చివరిదానికి, అంటే సమ్మేటివ్‌కు, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2016 మార్గదర్శకాలు ఒక్కో రకం వాడుకదారులకు కనీసం 15 మందిని అడుగుతాయి. ఐసీయూ నర్సు ఒక రకం, ఇంట్లో చూసుకునే కూతురు ఇంకో రకం. ఇద్దరూ వాడే పరికరమైతే 30 మంది.

ఆ 15 ఎంత బలమో లెక్కేసుకోండి. పదిమందిలో ఒకరు చేసే తప్పు 15 మందిలో ఒక్కసారైనా కనపడే అవకాశం దాదాపు 79 శాతం. 5 మందితో అయితే 41 శాతమే. వందలో ఒకరు చేసే తప్పు 15 మందిలో కనపడే అవకాశం 14 శాతం. కాబట్టి '15 మందిలో ఒక్కరూ తప్పు చేయలేదు' అనేది తప్పే జరగదనడానికి రుజువు కాదు. ఈ పరీక్షలో విలువంతా కనిపించిన ప్రతి తడబాటు వెనక కారణం వెతకడంలో ఉంది. తప్పు చేసి సరిదిద్దుకున్నా, కాసేపు ఆగి వెతుక్కున్నా, అన్నీ రాసుకోండి. పని అయ్యాక 'ఇక్కడ ఆగారు, ఎందుకు?' అని అడగండి.

పని చెప్పేటప్పుడు తెర మీది మాటలు వాడకండి. 'రేట్ బటన్ నొక్కి 12 పెట్టండి' అంటే సగం జవాబు మీరే ఇచ్చేసినట్టు. 'డాక్టరుగారు ఇలా రాశారు, మొదలుపెట్టండి' అని చీటీ ఇవ్వండి. గ్లౌజులు, వార్డులో ఉండే వెలుతురు, పక్కన మోగే ఇంకో అలారం, మధ్యలో ఫోను, ఇవన్నీ ఉండాలి. చిక్కుకున్నారని జాలిపడి సాయం చేయకండి. శిక్షణ ఇచ్చే పరికరమైతే శిక్షణకు, పరీక్షకు మధ్య కనీసం ఒక గంట ఎడం ఉంచండి. నిజంగా వారం తర్వాత వాడేదైతే ఒకట్రెండు రోజులు. వేడివేడిగా గుర్తున్నప్పుడు అందరూ పాసవుతారు.

అమెరికాకు పంపే ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి: ఎఫ్‌డీఏ చివరి పరీక్షకు అమెరికాలో నివసించేవాళ్లనే అడుగుతుంది. బెంగళూరు నర్సులతో చేసింది డిజైన్ దిద్దుకోవడానికి అద్భుతంగా పనికొస్తుంది, ఆ దరఖాస్తుకు మాత్రం చాలదు. బడ్జెట్ చివర్లో ఈ సంగతి తెలిసి ఆగిపోయే ప్రాజెక్టులున్నాయి.

ప్రశ్న: మా బీపీ మిషన్ 'ఈ2' చూపిస్తే జనం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తున్నారు. కోడ్ల పట్టిక మాన్యువల్‌లో ఉంది. ఇంకేం చేయాలి?

పట్టిక తెర మీదికి రావాలి. సందేశంలో మూడు ఉండాలి: ఏమైంది, ఇప్పుడేం చేయాలి, ముందు చూపించిన రీడింగు నమ్మొచ్చా. 'కఫ్ (చేతికి చుట్టే పట్టీ) వదులుగా ఉంది. ముందు చూపించిన రీడింగు నమ్మకండి. రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించి మళ్లీ స్టార్ట్ నొక్కండి.' తెర చిన్నదైతే కఫ్ బొమ్మ, పక్కన బాణం చాలు. కోడు సర్వీసు ఇంజనీరుకు కావాలి, దాన్ని మూలన చిన్నగా ఉంచండి.

నిజానికి ఈ2 కంటే మాకు ఎక్కువ దిగులు పుట్టించేది ఏ ఎర్రరూ రాకుండా వచ్చే తప్పు అంకె. చెయ్యి గుండె కంటే 10 సెం.మీ. కిందికి వేలాడితే రీడింగు దాదాపు 8 ఎక్కువ చూపిస్తుంది. మాట్లాడుతూ ఉన్నా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా, చేతి లావుకు కఫ్ చిన్నదైనా ఎక్కువే వస్తుంది. మిషన్‌కు అవేవీ తెలియవు. ఆ అంకె చూసి మందు పెంచుతారు. కూర్చునే బొమ్మ మాన్యువల్ 14వ పేజీలో కాదు, కఫ్ మీదే అచ్చు వేయాలి, రోజూ చేతికి చుట్టుకునేది దాన్నే. స్టార్ట్ నొక్కగానే '5 నిమిషాలు కూర్చున్నారా?' అని తెర అడగడం మంచిదేనా అని కొందరు వాదిస్తారు. రోజూ అడిగితే అదీ చదవకుండా నొక్కే బటనే అవుతుంది. మొదటి వారం అడిగి తర్వాత ఆపేయడం మేలు.

ప్రశ్న: మాది బీ క్లాసు పరికరం. లైసెన్సు ఎవరి దగ్గర, లేబుల్ మీద ఏముండాలి?

మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఏ (తక్కువ) నుంచి డీ (ఎక్కువ) దాకా నాలుగు క్లాసులు చేశాయి. వాటి ప్రకారం ఏ, బీ క్లాసుల తయారీ లైసెన్సు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి ఇస్తారు, ఎండీ-5 ఫారంలో. సీ, డీ క్లాసులకు కేంద్రంలోని ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో, ఎండీ-9. లేబుల్ సంగతులు 44వ నియమంలో ఉన్నాయి: పరికరం పేరు, దేనికి వాడేదో తెలిసే వివరాలు, తయారీదారు పేరు, తయారీ స్థలం చిరునామా, బ్యాచ్ లేదా లాట్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, గడువు, నిల్వ జాగ్రత్తలు, హెచ్చరికలు, స్టెరైల్ (క్రిములు లేకుండా చేసినది) అయితే ఆ మాట, స్టెరైల్ చేసిన పద్ధతి, ఒక్కసారికే అయితే ఆ మాట, లైసెన్సు నంబరు. ఎంఆర్‌పీకి లీగల్ మెట్రాలజీ నియమాలు వేరే ఉన్నాయి. అచ్చుకిచ్చే ముందు నియమాన్ని అసలు పాఠంలో, తాజా సవరణలతో చదువుకోండి.

ఇవన్నీ ఒకే సైజులో నింపితే చట్టానికి సరిపోతుంది కానీ వాడేవాళ్లకు గడువు తేదీ దొరకదు. వాడే ముందు చూడాల్సినవి రెండు మూడే ఉంటాయి, వాటిని పెద్దగా ముందువైపు పెట్టి మిగతావి వెనక్కి పంపండి.

ప్రశ్న: వలయంలో 2 అంకె, దాని మీద అడ్డగీత. 'ఇద్దరు వాడకూడదు' అనా?

'ఒక్కసారికే, మళ్లీ వాడొద్దు' అని. ఐఎస్‌ఓ 15223-1 గుర్తుల్లో ఇదొకటి. ఇసుక గడియారం గడువు తేదీకి గుర్తు, గొడుగు మీద చినుకులు తడి తగలనీయొద్దని, ఫ్యాక్టరీ బొమ్మ తయారీదారుకు. మీరు చదువుకున్నట్టే చాలామంది ఆ 2ను 'రెండుసార్లు వద్దు, ఒకరికి ఒకటి' అనో, 'ఇద్దరికి వద్దు, ఒకరికే అయితే ఎన్నిసార్లయినా సరే' అనో చదువుకుంటారు. రెండో అర్థం తీసుకున్నవాళ్లు అదే సూదిని మర్నాడు మళ్లీ గుచ్చుకుంటారు. ఇంట్లో వాడే పరికరమైతే గుర్తు పక్కన 'ఒక్కసారి వాడి పారేయండి' అని తెలుగులో, కన్నడంలో రాయించండి. చోటు లేదంటే కంపెనీ లోగో తగ్గించండి.